జమానత్ ఎవరిస్తరు?

(వర్నిలో వ్యవసాయ కూలీలు, దళిత యువజన సంఘాల కార్యకర్తలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన భాషను పెద్దగా మార్చలేదు. – సం.)



నన్ను పిలిచినోళ్ళు భూమి గురించి మాట్లాడమన్నరు. భూమి గురించే మాట్లాడుత. కాని ఇయ్యాల జైలు దర్వాజ దిక్కు నుంచి మాట్లాడుత. జైలుకూ భూమికీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. ఒక్క ముచ్చట చెప్పినంక మీకే తెలుస్తది.

ఇక్కడికి దగ్గరి ఊరే. కాలువ కింది ఊరు. పేరు వద్దు, ఆ మనిషి ఈ సభలో ఉన్నా ఉండొచ్చు. కరెంటు మోటరు పోయిందని కేసు. పొలం ఆసామిది, అనుమానం మాదిగవాడ మీద. ఇద్దరిని తీసుకపోయిండ్రు. అందులో ఒకడు మనోడు. కోర్టు నెల లోపలే బెయిలు ఇచ్చింది. ఇచ్చింది, కాని మనిషి బయటికి రాలేదు. ఎందుకు రాలేదు? ఇద్దరు జమానతుదారులు కావాలె. ఊకె మనుషులు సరిపోరు, ఆస్తి ఉన్న మనుషులు కావాలె. పట్టాదారు పాసుపుస్తకం తేవాలె, లేకుంటే ఇంటి పన్ను రశీదు తేవాలె, లేకుంటే సర్కారు నౌకరి ఉన్నోని జీతం కాగితం తేవాలె. మాదిగవాడ మొత్తం తిరిగిండ్రు. ఒకరి ఇల్లు తాత పేరు మీద ఉంది, తాత చచ్చి 30 ఏండ్లు. ఒకరి ఇల్లు సర్కారు జాగల ఉంది, దానికి రశీదే లేదు. పట్టా ఉన్నోళ్ళు వాడల ఇద్దరు ముగ్గురే, వాళ్ళ పుస్తకాలు బ్యాంకుల ఉన్నయి.

నాలుగు నెలలు గడిచినయి. ఆఖరుకు అతని భార్య ఒక ఆసామి ఇంటికి పోయింది. మోటరు పోయిన ఆసామి కాదు, ఇంకొకడు. అతడు మంచోడే అంటరు ఊర్లె. "సంతకం పెడుత, నీ మొగడు వచ్చినంక రెండు పంటలు నా దగ్గర జీతముండాలె" అన్నడు. ఆమె సరే అన్నది. ఏమంటది మరి? ఆ మనిషి బయటికొచ్చి రెండు పంటల కాలం జీతమున్నడు. పైసా కూలి లేదు, తిండి మాత్రం పెట్టిండ్రు. తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. సాక్ష్యం లేదన్నది. చట్టం ప్రకారం ఆ మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. కాని జైల్ల అయిదు నెలలు, ఆసామి కొట్టంల రెండు పంటలు, ఈ శిక్ష ఏ జడ్జి రాసిండు?

1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చిందని మనం సభల్లో చెప్పుకుంటం. వెట్టి ముందు దర్వాజ నుంచి పోయి కోర్టు దర్వాజ నుంచి మళ్ళా వచ్చింది, జమానతు అనే పేరు పెట్టుకొని వచ్చింది. భూమి ఉన్నోడే జమానతుదారు. భూమి లేనోడే ముద్దాయి. భూమి సంగతి మాట్లాడుత అన్నది ఇందుకే.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన అన్యాయం గాదు. 1978లో మధ్యప్రదేశ్‌ నుంచి మోతీరాం అనే తాపీ మేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు పోయింది. బెయిలు ఇయ్యమని పెద్ద కోర్టు చెప్పినా కింది మేజిస్ట్రేటు 10 వేల పూచీకత్తు అడిగిండు. అన్న జమానతు ఉంటానని వస్తే, నీ ఆస్తి వేరే జిల్లాల ఉన్నది, చెల్లదు అన్నడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేస్త్రిని 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నడు. బీదవాళ్ళకు బెయిలంటే ఏందో ఆ తీర్పులో మంచిగ రాసిండు. ఇన్నేండ్లయింది. ఆ తీర్పును ఎన్ని కోర్టుల్లో చదువుతున్నరో మీరే చూసుకోండ్రి.

నేను కూడా జైలు చూసిన మనిషినే. చెరుకు కొట్టే కూలి రేటు దగ్గర జరిగిన లొల్లిల ఎన్నో ఏండ్ల కింద 19 రోజులు ఉన్న. నాకు జమానతు ఉన్నది, సంఘం ఉన్నది. బయటికొచ్చిన రోజు దండ వేసి బండి మీద ఊరేగించిండ్రు. నాతోటి అదే రోజు బయటికొచ్చినోడు ఒకడు ఉన్నడు, దొంగతనం కేసు, శిక్ష అయిపోయింది. అతని కోసం ఎవరూ రాలేదు. గేటు కాడ నిలబడి, చేతిల పాత బట్టల మూట పట్టుకొని, ఎటు పోవాలె అన్నట్టు రెండు దిక్కులా చూసిండు. నేను దండ తోటి బండెక్కి పోయిన. అతన్ని బండెక్కించుకోవాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు. ఇప్పుడు సిగ్గయితది.

మన ఉద్యమానికి జైలు కొత్త గాదు. మన జిల్లా ఖిల్లా జైల్ల నిజాం కాలంల దాశరథిని పెట్టిండ్రు, వట్టికోట ఆళ్వారుస్వామిని పెట్టిండ్రు. దాశరథి ఆ గోడల మీద పద్యం రాసిన సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. ఆళ్వారుస్వామి చేసిన పని తక్కువ మందికి తెలుసు. ఆయన తనతో ఉన్న మామూలు ఖైదీల మొఖం చూసిండు. దొంగ, హంతకుడు అని పేరు పడ్డోళ్ళ బతుకులను కథలు చేసి "జైలు లోపల" అని పుస్తకం రాసిండు. ఎమర్జెన్సీల జైలుకు పోయిన బొజ్జా తారకం గారు ఇదే నిజామాబాద్ కోర్టుల వకీలు. మన వాడల్లో అంబేడ్కర్ యువజన సంఘాలు పెట్టిచ్చింది ఆయనే. "పోలీసులు అరెస్టు చేస్తే" అని చిన్న పుస్తకం రాసి, చదువు రానోళ్ళకు కూడా చదివి వినిపియ్యండని పంచిండ్రు. అరెస్టు చేస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పిండు. విడుదల చేస్తే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. ఆ పని మన మీద ఉన్నది.

ఇక లెక్కలు. జాతీయ నేర నమోదు బ్యూరో 2022 జైలు లెక్కల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు, అంటే ఇంకా నేరం రుజువు కానోళ్ళు 4,34,302 మంది. నలుగురిలో ముగ్గురు! శిక్ష పడకముందే శిక్ష అనుభవిస్తున్నోళ్ళన్నమాట. ఖైదీల్లో ఐదో వంతు పైన షెడ్యూల్డ్ కులాలోళ్ళు. 2011 జనాభా లెక్కల్లో మనం 16.6 శాతం. పరీక్షల్లో, కొలువుల్లో, చట్టసభల్లో మన శాతం ఎప్పుడూ తక్కువే. జనాభా కంటే ఎక్కువ వాటా దొరికిన జాగ జైలొక్కటే. దీనికి మాత్రం రిజర్వేషన్ అడగనక్కరలేదు, ఎవరూ అడ్డం చెప్పరు!

లోపల కూడా కులమే. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో వంట ఒక కులపోడు చెయ్యాలె, పాయఖానలు ఇంకొక కులపోడు కడగాలె అనే మాట ఏదో ఒక రూపంల ఉన్నది. సుకన్యా శాంత అనే విలేకరి ఆ సంగతి తవ్వి రాసి, కోర్టుకు పోయింది. ఖైదీ రిజిస్టర్లో కులం గడి ఉండొద్దు, మూడు నెలల్లో మాన్యువళ్ళు దిద్దుకోండ్రి అని కోర్టు చెప్పింది. రాజ్యాంగం వచ్చి 74 ఏండ్లు దాటినంక!

సరే, బయటికొచ్చినంక సంగతి. ఇక్కడే కొందరు నా మీద గుస్స అయితరు. నిన్న ఒక ఊర్లె ఒక అవ్వ నన్ను అడిగింది: "బిడ్డా, పొద్దంత నాటేసే మాకే పైసలు లేవు, దొంగలకు సర్కారు పైసలు ఇయ్యమంటవా?" ఆ అవ్వ మాట తప్పు గాదు. నేను జవాబు చెప్పాలె, తప్పించుకోవద్దు.

అవ్వా, సర్కారు ఇప్పటికే ఇస్తున్నది. ఎవరికి ఇస్తున్నదో చూడు. తుపాకి పట్టుకొని అడవికి పోయినోడు లొంగిపోతే అతని తల మీద ప్రకటించిన రివార్డు పైసలు అతనికే ఇస్తది. సిర్నాపల్లి, మానాల అడవుల దిక్కు మన జిల్లాల ఇది అందరు చూసిందే. ఇయ్యొద్దని నేను అనను, బతకాలె గదా. గుడుంబా కాసుడు మానేసిన కుటుంబాలకు తెలంగాణ సర్కారు 2016 తర్వాత ఇంటికి 2 లక్షల లెక్కన పునరావాసం పెట్టింది. తండాలల్ల ఎడ్లు, బర్లు, ఆటోలు, కిరాణా దుకాణాలు పెట్టుకున్నోళ్ళు ఉన్నరు. అంటే నేరం వదిలినోనికి బతుకుదెరువు చూపాలె అనే న్యాయం సర్కారుకు తెలవంది కాదు. కేసుల్ల ఇరికి, శిక్ష పూర్తి చేసి, సంతకం పెట్టి బయటికొచ్చిన కూలోని దగ్గరికి వచ్చేవరకు ఆ న్యాయం ఆగిపోతది. అతని చేతిల బస్సు కిరాయి పెట్టి పొమ్మంటరు.

ఇంకొక మాట. ఊర్లె మొగోడు జైలుకు పోతే ముందు నాశనమయ్యేది ఎవరు? అతని భార్య. అప్పు ఆమె మీద, పేషీ ఖర్చు ఆమె మీద, వకీలు ఫీజు ఆమె మీద. పిల్ల చదువు బంద్ అయ్యి పత్తి చేన్లకు పోతది. నేను 19 రోజులకే వచ్చిన, అయినా నా కొడుకును బడిల "జైలోని కొడుకు" అని రెండేండ్లు పిలిచిండ్రు. నాటేసే అవ్వా, నేనడిగే పైసలు ఆ ఇంటికి. ఆ ఇంట్ల నాటేసే మనిషికి.

మన ఎదిరి పక్షపోళ్ళు కూడా జైలుకు పోతరు గదా, వాళ్ళకూ ఇస్తరా అని యువకులు అడుగుతున్నరు. కారంచేడు, చుండూరు హంతకులకు పునరావాసమా అని. అడగాల్సిన ప్రశ్నే. కాని జర ఆలోచించండ్రి. 1991 చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. జైల్ల ఉన్నన్ని రోజులు వాళ్ళ భూమి ఏమన్న పడావు పడ్డదా? ఎవరో ఒకరు దున్నిండ్రు, పంట ఇంటికి వచ్చింది. భూస్వామికి పునరావాసం పుట్టుకతోనే ఉంటది. సర్కారు ఇయ్యనక్కరలేదు. లేనిది మనకు. బాధితుల సంగతి కూడా మరువద్దు. 1998లో గుజరాత్ కేసుల సుప్రీంకోర్టు ఖైదీలకు న్యాయమైన కూలి ఇయ్యాలె, అందులో కొంత బాధితులకు పోవాలె అన్నది. రెండు దిక్కులా బీదోడే ఉన్న కేసులల్ల ఇది చాలా ముఖ్యం.

కేంద్రం 2023లో "బీద ఖైదీలకు సాయం" అని ఒక పథకం తెచ్చింది. దాని సంగతి మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండ్రి... ఒక్కరు. ఆ తమ్ముడు లా చదువుతున్నడు కాబట్టి. బెయిలు వచ్చినా పైసలు లేక లోపల ఉన్న విచారణ ఖైదీకి అప్పుడు 40 వేల దాకా, జుర్మానా కట్టలేక లోపల ఉన్న శిక్ష ఖైదీకి 25 వేల దాకా కోర్టుల కట్టాలె. జిల్లాల ఒక సాధికార కమిటీ ఉండాలె. కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, పోలీసు అధికారి, జైలు సూపరింటెండెంటు, ఒక జడ్జి అందుల ఉంటరు. బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలోళ్ళు న్యాయ సేవా సంస్థకు రాయాలె. వినడానికి బాగనే ఉన్నది.

ఇప్పుడు లెక్క వేద్దాం. దేశం మొత్తానికి ఏడాదికి 20 కోట్లన్నరు. 20 కోట్లను 40 వేలతో భాగించండ్రి. 5,000 మంది. విచారణ ఖైదీలు ఎంతమంది? 4,34,302. ఇంకో తీరుగ వేద్దాం, ఖైదీలందరికి పంచితే తలా 349 రూపాయలు, ఏడాదికి. ఈ రోజులల్ల అది ఒక్క రోజు కూలికి అటో ఇటో! ఆ కొంచెం పైసలు కూడా రాష్ట్రాలు సరిగ్గ వాడుకోలేదని కేంద్ర హోంశాఖనే ఉత్తరాలు రాసింది. పైగా మత్తుమందుల చట్టం కింద కేసైతే ఈ పథకం వర్తించదు. మన జిల్లాల కల్లుల ఆల్ప్రజోలం కలిపే దందా సంగతి మీకు నేను చెప్పాల్నా? ఆ కేసు ఆ చట్టం కిందికే వస్తది. తయారు చేసి అమ్మినోనికి వకీళ్ళు ఉంటరు. సంచి మోసిన కూలి పిలగాడు దొరికితే వానికి ఈ సాయం లేదు.

అసలు లోపం ఇంకొకటి ఉన్నది. పథకం పైసలు కడుతది, కోర్టు మనిషిని అడుగుతది. ఆస్తి ఉన్న మనిషిని. జమానతుదారుకు బదులు నగదు తీసుకునే అధికారం కోర్టుకు ఉన్నా, మన వకీళ్ళు ఆ దరఖాస్తు వెయ్యకపోతే ఎవరు తీసుకుంటరు? బెయిలు ఇయ్యదగ్గ చిన్న కేసులల్ల అరెస్టయిన వారం లోపల జమానతు తేలేకపోతే వాన్ని బీదవాడుగా లెక్కగట్టి సొంత పూచీకత్తు మీదనే వదలాలని 2005 నుంచి చట్టంల ఉన్నది. ఎవరు అడుగుతున్నరు?

సర్కారు పైసలు తేవాలె అంటున్న కాబట్టి ఆ పైసలు ఎట్ల తప్పుదారి పడతయో కూడా చెప్పాలె. పాత చరిత్ర ఒకటి ఉన్నది. 1871లో తెల్లోళ్ళు నేరస్థ జాతుల చట్టం చేసిండ్రు. ఎరుకలోళ్ళ వంటి కులాలను పుట్టుకతోనే దొంగలన్నరు. కోస్తాల స్టూవర్టుపురం అని సెటిల్మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి, భూమిచ్చి, గ్రాంటు ఇచ్చి, వీళ్ళను మార్చండి అన్నరు. అక్కడి ఆడోళ్ళు, మొగోళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలికి పోయిండ్రు. హాజరు ఇచ్చుకుంట పోవాలె, హాజరు ఇచ్చుకుంట రావాలె. సంస్కరణ పేరు సర్కారుది, పుణ్యం దొరలది, సస్తా కూలి కంపెనీది. 1952లో ఆ చట్టం పోయింది. పోతూ పోతూ "అలవాటు నేరస్థుడు" అనే ఇంకో పేరు పెట్టి పోయింది.

అదే స్టూవర్టుపురంల 1970లల్ల వేరే తీరుగ పని చేసినోళ్ళున్నరు. గుర్రం జాషువా బిడ్డ హేమలత, ఆమె భర్త, గోరా కొడుకు లవణం. పోలీసు లేకుంట, హాజరు పుస్తకం లేకుంట ఇండ్లల్లకు పోయి కూసున్నరు. ఆ హేమలతా లవణమే తర్వాత మన వర్నికి వచ్చింది. ఇక్కడి చెల్లి నిలయం మన పెద్దోళ్ళకు యాదుంటది. 1980లల్ల జోగిని అక్కచెల్లెండ్ల కోసం సంస్కార్ సంస్థ, సర్కారు కలిసి నడిపింది. 1988లో జోగిని, దేవదాసి నిషేధ చట్టం వచ్చింది. దాని మీద నాకు కొన్ని తగాదాలున్నయి, సంస్థలు పోయినంక ఆడోళ్ళ చేతిల ఎంత మిగిలింది అనే తగాద. కాని ఒక్క సంగతి ఒప్పుకోవాలె. ఊరు ముద్ర వేసిన మనిషిని మళ్ళా మనిషిగా నిలబెట్టే పనికి సర్కారు ఖజానా తెరవొచ్చు అని ఈ వర్ని మట్టి మీదనే రుజువైంది. అడిగినోళ్ళు ఉంటే తెరుస్తరు.

జైళ్ళ శాఖ తన వంతు కొంత చేసింది. పెట్రోలు బంకులు పెట్టి విడుదలైనోళ్ళకు కూడా పని ఇచ్చిండ్రు, "మై నేషన్" పేరు మీద ఖైదీలు చేసిన సామాన్లు అమ్మిండ్రు. మంచిదే. కాని వర్ని కూలోడు హైదరాబాద్ బంకుల ఎన్ని రోజులు ఉంటడు? అతని భార్యాపిల్లలు ఇక్కడ. పని ఇక్కడ ఉండాలె. ఇక్కడ పని ఏది? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటోళ్ళ చేతిల పెట్టిండ్రు, 2015 డిసెంబర్ల తాళమేసిండ్రు. వేల ఇండ్లు దాని మీద బతికినయి. ఫ్యాక్టరీ చిమ్ని చల్లారినంక బోధన్ చుట్టుపక్కల ఎంతమంది పిలగాండ్లు దుబాయి పోయిండ్రు, ఎంతమంది కేసుల్ల పడ్డరు, ఎవరన్న లెక్క రాసిండ్రా? జైలు నుంచి వచ్చినోడు ఊర్లె నిలబడాలంటే ఊర్లె పని ఉండాలె. ఇది వేరే డిమాండు గాదు, అదే డిమాండు.

మరి పైసలు ఏ పద్దు కింద అడగాలె? తెలంగాణల 2017 నుంచి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమున్నది. ఆ ఏడు ఖర్చు కాని పైసలు తర్వాతి ఏటికి మోయాలని అందుల ఉన్నది. రోడ్లకు, ఇంకా దేనిదేనికో ఆ పద్దు చూపిస్తరు. ఆ నిధిలోంచి జమానతు నిధి ఒకటి జిల్లాకు పెట్టాలె. విడుదలైన మొదటి మూడు నెలలు ఆ ఇంటికి కూలి లెక్కన సాయం ఇయ్యాలె. కార్పొరేషన్ అప్పు దరఖాస్తుల కేసున్నదా అని అడిగి పక్కకు పెట్టుడు బంద్ చెయ్యాలె. 2021లో దళితబంధును మన పక్క నిజాంసాగర్ మండలంల మొత్తం ఇండ్లకు ఇస్తమని మొదలుపెట్టినప్పుడు 10 లక్షలు ఇయ్యగలిగిన సర్కారుకు ఇది బరువు గాదు. డబ్బు ఎవరి చేతుల మీదుగ పోవాలె? సంస్థల చేతికి వద్దు. ఆ ఇంటి ఆడమనిషి ఖాతాల పడాలె, లెక్క గ్రామసభల చదవాలె.

అప్పటిదాక మనం ఖాళీగ కూసునేది లేదు. సమాచార హక్కు కింద రెండు ప్రశ్నలు పంపుదాం. సాధికార కమిటీ 2023 నుంచి ఎన్నిసార్లు కూసున్నది? మన జిల్లాల ఎంతమందికి ఎంత ఇచ్చింది? రేషన్ కార్డు జిరాక్సు జోడిస్తే ఫీజు కూడా లేదు, 30 రోజులల్ల జవాబు రావాలె. దరఖాస్తు రాసిన కాగితాలు ఆ లా చదివే తమ్ముని దగ్గరున్నయి, పోయేటప్పుడు సంతకాలు పెట్టిపోండ్రి. షెడ్యూల్డ్ కులాలోళ్ళకు, జైల్ల ఉన్నోళ్ళకు వకీలు ఉచితం, ఆదాయం లెక్క అడగొద్దు, 1987 చట్టంల ఉన్నది. 15100కు ఫోన్ చేసినా చెప్తరు.

ఇంకొకటి. ఇంటి పన్ను రశీదు తన పేరు మీద ఉన్నోళ్ళు, పట్టా పుస్తకం బ్యాంకుల లేనోళ్ళు, నౌకరి ఉన్న మన పిల్లలు, ఊరికి ఇద్దరు చొప్పున పేర్లు రాయించండ్రి. జమానతు ఉంటే మీద పడతదని భయముంటది. నిజమే, మనిషి పేషీకి రాకపోతే పడతది. అందుకే పేషీ తారీఖు రాసుకొని మనిషిని మనమే తోలుకపోవాలె, ఆ పని యువజన సంఘం చూసుకోవాలె. ఇప్పుడు సారంగపూర్ జైల్ల మన మండలపోళ్ళు, బెయిలు వచ్చి కూడా లోపల ఉన్నోళ్ళు నలుగురని తెలిసింది. వాళ్ళ ఇంటోళ్ళు ఇద్దరు ఈ సభల ఉన్నరు. అక్కా, లేవకు, కూసో. సభ అయినంక మన దగ్గరికి రా. ముందు నీ కాగితాలే చూద్దాం.